రెండు పళ్ళ తేడా

ఓరూనే దిగువన, మూడో మలుపు దగ్గర
నా పాత పాండా దగ్గింది,
సగం మాట మింగినట్టు ఆగిపోయింది.
వెనక సీట్లో ఐసు డబ్బా,
డబ్బాలో రెండొందల గొర్రెలకు
నీలినాలుక టీకా.
పైన సార్డీనియా ఎండ.
దానికి ఏ గొర్రె మీదా జాలి లేదు.

తాళం తిప్పితే మోటారు తిరుగుతుంది, అంటుకోదు.
ఒక్కసారి అంటుకుంది గానీ
సైలెన్సర్లోంచి టపాకాయలా పేలి
కొండ మీది కాకులన్నిటినీ లేపి
మళ్ళీ ఏమీ ఎరగనట్టు పడుకుంది.

పాల క్యాన్ల ట్రాక్టరు ఒకటి ఆగింది.
కుర్రాడు దిగాడు, తాడు కట్టాడు,
పేరడిగే లోపే రేడియో పెంచాడు.
ఊళ్ళో గ్రాత్సియెట్టా తన చీజు గది తెరిచి
టీకా డబ్బాని చక్రాల్లాంటి చీజుల మధ్య
చుట్టాన్ని కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టింది.

బకీజియో గ్యారేజీ మూతపడి నాలుగేళ్ళు.
ఆయన చేతులు వణకడం మొదలై కూడా అంతే.
"తిప్పు" అన్నాడు. తిప్పాను.
కళ్ళు మూసుకుని విన్నాడు.
"బెల్టు జారింది. రెండు పళ్ళు" అన్నాడు,
నవ్వితే ఆయనకీ ముందు రెండు లేవు.

"వాల్వులు వంగిపోయి ఉంటాయా?"
"ఈ ఇంజన్లో వంగవు.
దీన్ని చేసినవాడెవడో
మన మతిమరుపు తెలిసినవాడు."

సాయంత్రం బస్సులో నువోరో నుంచి
డ్రైవరు ఎఫీజియో సీటు కింద కొత్త బెల్టు వచ్చింది.
డబ్బులివ్వబోతే
"నాకేం తెలుసు, నేను బస్సు నడుపుతాను" అన్నాడు.

తెల్లారి బకీజియో స్పానర్లు నా ముందు పరిచి
బోర్లించిన నూనె డబ్బా మీద కూర్చున్నాడు.
"నేనా?" అన్నాను.
"అడ్డం తిరిగిన గొర్రెపిల్లని లోపల చెయ్యి పెట్టి
సరిచేశావట కదా. ఇదీ అంతే. పైగా ఇది తన్నదు."

చక్రం ఊడదీశాను. మూత విప్పాను.
నూనె తాగి మెత్తబడిన పాత బెల్టు
చేతిలోకి నీటిపాములా జారింది.
గుర్తులు కనబడక నేను తడుముకుంటుంటే
ఆయన లోపలికి వెళ్ళి
కోడలి గోళ్ళ రంగు సీసా తెచ్చాడు, దానిమ్మ ఎరుపు.
కింది పళ్ళచక్రం మీద ఒక చుక్క,
పైదాని మీద ఒక చుక్క.
చుక్కలు పెట్టింది నేనే,
ఎక్కడ పెట్టాలో ఆయన గడ్డంతో చూపించాడు.

"బిగించు. ఇంకా. చాలు.
వీణ తీగ కాదు అది, బట్టలారేసే తాడూ కాదు.
మధ్యలో ఉంటుంది, వేలికి తెలుస్తుంది."
నా వేలికి తెలియలేదు.
మూడోసారికి తెలిసింది.

తాళం కోసం పరిగెత్తబోయాను.
"ఆగు" అని అరిచాడు,
ఆ గొంతులో నలభై ఏళ్ళ శిష్యులందరూ ఉలిక్కిపడి ఉంటారు.
"ముందు చేత్తో తిప్పు. రెండు చుట్లు.
కిందిది రెండు తిరిగితే పైది ఒక్కటే తిరుగుతుంది.
తొందరపడేవాడు మొదటి చుట్టు నమ్ముతాడు."

తిప్పాను. ఒకటి.
రెండోది సగంలో చెమట కంట్లో పడింది.
ఎర్ర చుక్కలు రెండూ
సరిగ్గా తమ గీతల ముందుకొచ్చి నిలబడ్డాయి.

ఇంజను అంటుకుంది.
పెద్ద చప్పుడేం కాదు, కుట్టుమిషనంత.
బకీజియో లేచి వచ్చి
రెండు అరచేతులూ ఇంజను మూత మీద పెట్టాడు.
ఇంజను వణుకుతోంది, చేతులు వణుకుతున్నాయి,
ఏది ఏదో
అక్కడ నిలబడి చూసినా తెలియలేదు.
చాలాసేపు తీయలేదు.
నేనూ ఆపమనలేదు.

ఎంతివ్వాలి అంటే
"పని చేసింది నువ్వు, నన్నడుగుతావేం" అన్నాడు.
గోళ్ళ రంగు మాత్రం కొనిపెట్టమన్నాడు,
కోడలు సీసా చూసుకునే లోపు.

ఆ మధ్యాహ్నం నూట తొంభై ఎనిమిది గొర్రెలు.
రెండు దొరకలేదు.
ఆ రెండు ఎప్పుడూ దొరకవు.